ముదురు నారు

వైద్య విద్య ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టుకొనే గడువు 2024లో మూడుసార్లు ముగిసింది. మొదట మార్చి 9 అన్నారు. దాన్ని మార్చి 16 దాకా పొడిగించారు. అదీ దాటిపోయి, పిల్లలందరూ నమూనా ప్రశ్నపత్రాలతో కుస్తీ పడుతున్న సమయంలో, ఎందరో విన్నవించుకున్నారంటూ ఏప్రిల్ 9, 10 తేదీలలో తలుపు మరొక్కసారి తెరిచారు. ఆ 9వ తేదీ క్రోధి నామ సంవత్సర ఉగాది. పరీక్ష మే 5న. అంటే చివరి తలుపులోంచి దూరినవాడికి చేతిలో మిగిలేది ఇరవై నాలుగు రోజులు. ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆ మూడు గడువులనూ గడప ఇవతల నిలబడి లెక్కపెట్టినవాణ్ణి నేను.

ఈ వయసులో ఆ ఆలోచనేమిటని చదువరులకు అనుమానం రావడం సహజం. 2017లో ఆ పరీక్షకు పాతికేళ్ళ గరిష్ఠ వయోపరిమితి పెట్టారు (రిజర్వేషను వర్గాలకు ముప్పై). దాని మీద కోర్టులలో వ్యాజ్యాలు నడిచాయి. చివరకు 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషను ఆ పరిమితిని ఎత్తివేసింది. అంతకు ముందే, 2020లో, ఒడిశాలో బ్యాంకు ఉద్యోగం నుండి విశ్రాంతి తీసుకున్న అరవై నాలుగేళ్ళ పెద్దమనిషి ఒకరు ఈ పరీక్ష గట్టెక్కి ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరారు. పత్రికలన్నీ ఆయనను ఆకాశానికెత్తాయి. నేను మాత్రం ఆ వార్తను వినోదంగా చదివి పక్కన పెట్టాను. వయోపరిమితి పోయిన సంగతి కూడా చాలా ఆలస్యంగా, 2024 సంక్రాంతికి, మా పక్కింటి అమ్మాయికి జంతుశాస్త్రం పాఠం చెబుతుండగా ఆ అమ్మాయి నోటనే విన్నాను. "మీరూ రాయవచ్చు కదండీ అంకుల్!" అన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత కథ క్లుప్తంగా చెబుతాను. మన ప్రాంతంలో ఇంటికొకటి ఉండే కథే అది. ఇంటర్మీడియట్‌లో బైపీసీ, 2007లో ఎంసెట్, బెజవాడ పొలిమేరలో ఒక వసతి కళాశాలలో ఏడాది దీర్ఘకాలిక శిక్షణ, 2008లో మళ్ళీ ఎంసెట్. రెండుసార్లూ సీటు కనుచూపు మేరలోకి వచ్చి ఆగిపోయింది. మూడోసారికి ఇంట్లో డబ్బు లేదు. బి.ఫార్మసీ చదివాను. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పదేళ్ళుగా పని చేస్తున్నాను. బెజవాడ ఎరిగినవారికి సూర్యారావుపేట గురించి చెప్పనక్కరలేదు. ఆ వీధులలో ఇంటి నంబరు కంటే డాక్టరు పేరు చెబితేనే రిక్షావాడికి దారి తెలిసేది. ఇప్పటి ఆటోవాడికీ అంతే.

దివిసీమ నుండి, కైకలూరు లంకల నుండి, గుడివాడ, ఉయ్యూరు పల్లెల నుండి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాళ్ళు మధ్యాహ్నానికి డాక్టరు గారిని చూసి, మందుల చీటీ పట్టుకొని నా కిటికీ దగ్గరకు వస్తారు. చాలామంది అడిగే మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "ఇది ఏం జబ్బు బాబూ?" అని. లోపల అడగడానికి భయపడతారు, లేదా అడిగే వ్యవధి ఉండదు. జబ్బు గురించి చెప్పే అధికారం నాకు లేదు. మందు గురించి చెప్పవచ్చు. 2015లో వచ్చిన ఫార్మసీ నిబంధనలు ఆ పనిని మా బాధ్యతగానే పేర్కొన్నాయి. అయితే ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో నిబంధనలు రాసినవారు కిటికీ దగ్గర కూర్చొని చూసి ఉండరు.

ఒక ఉదాహరణ చెబుతాను. కీళ్ళవాతానికి మెతోట్రెక్సేట్ అనే మాత్ర రాస్తారు. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగిలిన రోజులలో ఫోలిక్ ఆమ్లం మాత్ర. మన జనానికి మాత్ర అంటే రోజూ వేసుకొనేదే. మెతోట్రెక్సేట్‌ను రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది. 2023 నవంబరులో నాగాయలంక వైపు నుండి ఒక ముసలమ్మ వచ్చింది. చీటీ మీద ఆంగ్లంలో సరిగ్గానే రాసి ఉన్నది. ఆమెకు అక్షరం రాదు. తోడు వచ్చిన మనవడు పదేళ్ళవాడు. "ఆదివారం ఒక్కరోజే, అవ్వా. మాంసం వండుకొనే రోజున ఈ పచ్చ కవరులోది. మిగిలిన రోజులలో తెల్ల కవరులోది" అని మూడుసార్లు చెప్పి, ఆమె చేత చెప్పించుకున్నాను. వెళ్ళేటప్పుడు "నువ్వు డాక్టరువే కదా నాయనా?" అన్నది. కాదన్నాను. "మరి అన్నీ చెప్పావు?" అన్నది.

ఆ రెండు మందులూ ఒక తెలుగువాడి ప్రయోగశాల చుట్టూ పుట్టినవే కావడం నాకెప్పుడూ ఆశ్చర్యం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి, దొర ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. తరువాత అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి విరుగుడుగా పనిచేసే మందులనూ తయారు చేసిన బృందాన్ని నడిపారు. రోగి మంచం పక్కన నిలబడకుండానే అంత పని చేశారు కదా, నీకెందుకీ యావ అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. సమాధానం మాత్రం తేలికే: ఆయన సుబ్బారావు, నేను కాదు. నాకు కావలసింది కొత్త మందు కనిపెట్టడం కాదు. ఆ ముసలమ్మ వేళ్ళ కణుపులు పట్టుకొని చూసి, ఇది ఫలానా జబ్బు అని చెప్పగలగడం.

ఈ కోరిక ఎంత బలమైనదైనా కోరికతో సీటు రాదు. ఫిబ్రవరి చివర ఒక ఆదివారం 2023 నాటి ప్రశ్నపత్రం ముందు పెట్టుకొని, గది తలుపు వేసుకొని, గడియారం చూసుకుంటూ మూడు గంటల ఇరవై నిమిషాలలో రాశాను. సరైన సమాధానానికి నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. మొత్తం 720. జీవశాస్త్రంలో 360కి 268 వచ్చాయి. రసాయనశాస్త్రంలో 180కి 92. భౌతికశాస్త్రంలో 180కి 21. మొత్తం 381. మా ఆవిడ ఆ కాగితం చూసి, "ఈ ఇరవై ఒకటి ఏ సబ్జెక్టులోదండీ?" అని అడిగి, చెప్పాక మర్యాదగా నవ్వు ఆపుకున్నది. (ఆమె ప్రైవేటు బడిలో గణితం చెబుతుంది.)

ఇక్కడ చిన్న పిడకల వేట. ఈ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. నేను సరదాకి తెలుగు అకాడమీ పుస్తకాలు తెప్పించుకొని చదివాను. దారువు, పోషక కణజాలం, కిరణజన్య సంయోగక్రియ, అంతస్స్రావక గ్రంథులు... ఇరవయ్యేళ్ళ క్రితం ఆంగ్లంలో బట్టీ పట్టిన విషయాలు అప్పుడు మొదటిసారి అర్థమైనట్లనిపించాయి. ఆ మాటలు కృతకమని వెక్కిరించేవారు ఒక్కసారి ఆ పుస్తకాలు తెరిచి చూడాలి. అన్నీ బాగుంటాయని అనను. కొన్ని మాటలకు ఆంగ్లమే నయం. కాని "వాల్వు" అన్నప్పుడు తలకెక్కనిది "కవాటం" అనగానే తలుపు రెక్కలాగా కళ్ళ ముందు కదిలింది.

381 అనే అంకెకు అర్థం ఏమిటి? అర్హత సాధించడానికి అది చాలు. కన్వీనరు కోటాలో సీటుకు చాలదు. జనరల్ వర్గంలో ఐదు వందలు దాటినవారికీ పూచీ లేదు. మిగిలిన దారి డబ్బుది. మా జిల్లాలోనే మచిలీపట్నంలో 2023 సెప్టెంబరులో కొత్త ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో మొదలైంది. బందరులో వైద్య కళాశాల అంటే నాకు సంతోషమే. కాని ఆ ఏడాది తెరిచిన ఐదు కొత్త కళాశాలలలోనూ, అఖిల భారత కోటా పోగా మిగిలిన సీట్లలో సగం ఏడాదికి 15 వేల రూపాయల ఫీజుకు, 35 శాతం 12 లక్షలకు, 15 శాతం ప్రవాసుల పేరిట 20 లక్షలకు అని నిర్ణయించారు. ప్రభుత్వ కళాశాల అనే మాటకు నేను చిన్నప్పటి నుండి ఇచ్చుకున్న అర్థం అది కాదు. ఐదేళ్ళకు 60 లక్షలు. అవనిగడ్డకు దిగువన మాకున్న రెండెకరాల శివారు భూమి అమ్మినా చాలదు, చాలినా అమ్మను. దాంతో డబ్బు దారి మూసుకుపోయింది.

కన్వీనరు సీటే వచ్చిందనుకుందాం. చదువు నాలుగున్నరేళ్ళు, హౌస్ సర్జన్‌గా ఒక ఏడాది. బయటికి వచ్చేసరికి నలభై. పై చదువు మరో మూడేళ్ళు. నెలకు 35 వేల జీతం అరవై ఆరు నెలలు రాకపోతే 23 లక్షల పైమాటే. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. ఈ లెక్క మా ఆవిడే వేసింది. వేసి, కింద గీత గీసి, "మీరు చదువుతానంటే నా జీతంతో ఇల్లు నడుపుతాను. సింగ్‌నగర్ అద్దె కంటే తక్కువలో ఇల్లు దొరకదు కాబట్టి అది అలాగే ఉంటుంది. అమ్మాయిని నేను పనిచేసే బడిలోనే వేద్దాం, సగం ఫీజు. కాని మీరు సగం మనసుతో చదువుతానంటే మాత్రం ఒప్పుకోను" అన్నది. ఆమె ఒప్పుకోనంటుందనే ధీమాతో ఉన్నాననుకుంటాను. ఆ ఊతమూ పోయింది.

ఆసుపత్రిలో నేను గౌరవించే ఒక ఫిజీషియన్ గారున్నారు. ఆయనకు చెబితే నిరుత్సాహపరచలేదు, పొగడనూ లేదు. రాత్రి డ్యూటీలు, పద్దెనిమిదేళ్ళవాళ్ళ పక్కన కూర్చొని శరీర నిర్మాణశాస్త్రం, ఇరవై ఐదేళ్ళ సీనియరు రెసిడెంటు "ఏయ్" అని పిలిస్తే పలకడం, ఇవన్నీ వరుసగా చెప్పారు. అవన్నీ పడగలనన్నాను. "అయితే బి.ఫార్మసీ మీద మూడేళ్ళ ఫార్మ్.డి. ఉంది కదా, వార్డులో రోగుల మధ్యనే పని. అదెందుకు వద్దు?" అని అడిగారు. దానికి మాత్రం వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఇప్పటికీ సగం బదులే ఉంది నా దగ్గర: దానికి ఈ దేశంలో గదీ లేదు, కుర్చీ లేదు. తక్కిన సగం అహంకారమో ఏమో.

మార్చి 9 అలా గడిచింది. 16 కూడా గడిచింది. గడిచినప్పుడు కలిగింది బాధ కాదు, బరువు దిగిన భావం. ఏప్రిల్‌లో మళ్ళీ తెరిచారని తెలియగానే ఆ బరువు రెట్టింపై వచ్చి కూర్చుంది. గడువు అయిపోయిందనేది ఎంత మంచి సాకో, దాన్ని లాక్కున్నప్పుడు గాని తెలియదు.

ఉగాదికి ఊరు వెళ్ళాము. బయలుదేరే ముందే దరఖాస్తుకు కావలసిన ఫోటోలు, పదివేళ్ళ ముద్రలు సిద్ధం చేసుకున్నాను. ముద్రల సిరా సబ్బుకు పోలేదు. ఉగాది పచ్చడి పెడుతూ అమ్మ చూసి, "ఏ కాగితాల మీద వేలిముద్రలు వేశావురా?" అని కంగారు పడింది. పొలం కాగితాలనుకుంది పాపం. అప్పటికే ఇంట్లో పొలం మాట సున్నితంగా ఉంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు మా పనలు చేలోనే నాని మొలకలెత్తాయి. దానికి ముందు ఖరీఫ్ ఊడ్పులకు కాలువ నీళ్ళు ఆలస్యం. శివారు రైతుకు ఎగువన అందరి చేలూ తడిసిన తరువాత గాని నీటి చుక్క రాదు. ఈ అనుభవం 1855లో ఆనకట్ట కట్టిన నాటి నుండీ ఉన్నదే, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాకా ఉన్నదే.

మధ్యాహ్నం అరుగు మీద నాన్నకు విషయం చెప్పాను. ఆయన ఇంటర్మీడియట్, ఎంసెట్, నీట్ అనే తేడాలు పట్టించుకొనే మనిషి కాదు. అంతా విని, "పరీక్ష ఎప్పుడు?" అన్నారు. ఇరవై ఆరు రోజులన్నాను.

"నారు పోశావా?"

అర్థం కాలేదు.

"నీళ్ళు ఆలస్యంగా వదిలారనుకో. నారుమడిలో నారు ఉంటే, ముదిరిపోయినా సరే నాటుకుంటాం. పిలకలు తక్కువ వేస్తుంది. అందుకని కుదురుకు రెండు మొక్కలు పెట్టేచోట నాలుగైదు పెట్టి, దగ్గర దగ్గరగా ఊడుస్తాం. పుట్టి తగ్గుతుంది గాని పంట వస్తుంది. అసలు నారే లేనివాడికి కాలువ వచ్చి ఏం లాభం? నీకు నారు ఉందా, లేదా? అది చెప్పు."

నేను లెక్క చూసుకున్నాను. జీవశాస్త్రంలో నారు ఉంది. ముదిరిందే, కాని బతికి ఉంది. పదేళ్ళ మందుల చీటీల వల్ల ఏపుగానే ఉంది. రసాయనంలో మడిలో సగం. భౌతికశాస్త్రంలో ఒట్టి దుక్కి. అదే చెప్పాను. "అయితే ఈ ఏడు ఊడ్చినా మూడో వంతు చేను బీడే" అన్నారు నాన్న. వద్దని అనలేదు. లోపలికి వెళ్ళి పడుకున్నారు.

మరునాడు బెజవాడ తిరిగి వచ్చాక రాత్రి ఆ వలపుట తెరిచి చాలాసేపు చూశాను. 1,700 రూపాయలు కట్టి రాసి చూడవచ్చు, పోయేదేముంది అనే వాదం బలమైనదే. మా ఆవిడా అదే అన్నది. నాకు తట్టింది వేరు. ఆ పరీక్ష నేను రాస్తే నాలుగు వందల దగ్గర మార్కులు వస్తాయి. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసిన జవాబు కోసం రాసి, వచ్చిన మార్కులతో "ప్రయత్నించాను, రాలేదు" అని జీవితాంతం చెప్పుకొనే వీలు నాకు దొరుకుతుంది. ఆ వీలు నాకు వద్దనిపించింది. గడువు ముగిసే వేళకు పెట్టె కట్టేశాను. ఈసారి బరువు దిగిన భావం లేదు.

జూన్ 4న ఫలితాలు వచ్చి, అరవై ఏడుగురికి మొదటి ర్యాంకు, 1,563 మందికి అదనపు మార్కులు, లీకేజీ ఆరోపణలు, మళ్ళీ పరీక్ష, సుప్రీం కోర్టు... దేశమంతా అట్టుడికినప్పుడు మిత్రులు ఫోను చేసి "తప్పించుకున్నావు" అని అభినందించారు. ఆ అభినందన నాకు చెందదు. రాయకపోవడానికి నా కారణంలో ఆ కుంభకోణం పాలు లేదు.

అప్పటికే నారు పోశాను. తెల్లవారుజామున నాలుగున్నర నుండి ఆరున్నర దాకా భౌతికశాస్త్రం. గురువు మా ఆవిడ. సదిశలు, చలనం, ఘర్షణ. ఒప్పందం ఏమిటంటే, 2025 సంక్రాంతి నాటికి ఇంట్లో రాసే పరీక్షలో 550 దాటితే దరఖాస్తు మొదలైన రోజునే పెట్టాలి. దాటకపోతే ఆ ఏడు పెట్టకూడదు. చివరి రోజు బేరాలు లేవు.

ఆగస్టు చివరికి 430 దాకా వచ్చాను. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. మా ఆవిడ, అమ్మాయి పై వాటాలోకి ఎక్కారు. నేను రాత్రి డ్యూటీలో ఉండి ఆసుపత్రిలో చిక్కుకుపోయాను. మరునాడు బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ వారమంతా కిటికీ దగ్గర ఒకటే అడగడం: ఇన్సులిన్. కరెంటు లేక ఫ్రిజ్‌లు ఆగిపోయి, నీళ్ళలో సీసాలు కొట్టుకుపోయి, ఏది ఎంత వేసుకొనేవారో గుర్తులేని వృద్ధులు. పాత చీటీ ఉండదు. మూత రంగు చెబితే, సూది ఎన్ని గీతల దాకా లాగేవారో చెబితే, దాన్నిబట్టి ఏ రకమో పోల్చి, పైన డాక్టరు గారికి ఫోను చేసి, ఆయన సరేనన్నాక ఇవ్వడం. నాలుగు రోజులలో ఎంతమందో లెక్క పెట్టలేదు. ఐదో రోజు ఇంటికి చేరేసరికి పుస్తకాలన్నీ బురద ముద్దలు.

భౌతికశాస్త్రం పుస్తకాలు మళ్ళీ కొన్నాను. జీవశాస్త్రం కొనలేదు.

సంక్రాంతి ముందు ఆదివారం ఇంట్లో పరీక్ష రాస్తే 463 వచ్చాయి. భౌతికశాస్త్రం 21 నుండి 77కి ఎగబాకింది. ఒప్పందం 550. 2025 ఫిబ్రవరి 7న దరఖాస్తులు మొదలై మార్చి 7న ముగిశాయి. పెట్టలేదు. పండక్కి నాన్న అడిగారు. చెప్పాను. "మరి ఈ ఏడూ పోస్తావా?" అన్నారు. మా ఆవిడ నా వైపు చూడకుండా అరిసెలు వడ్డిస్తున్నది. పోస్తానన్నాను. "అయితే మడి మార్చకు" అని, అరిసె తుంచుకున్నారు.

కిటికీ దగ్గర అవతలి వైపు ఒక ఎత్తు బల్ల వేయించమని యాజమాన్యాన్ని అడిగాను, వేయించారు. ముసలివాళ్ళు కూర్చొని వింటున్నారు. తెల్లవారుజామున ప్రస్తుతం ఏకాంతర విద్యుత్ ప్రవాహం దగ్గర ఉన్నాను. అది ఆంగ్లంలోనూ అర్థం కావడం లేదు, తెలుగులోనూ కావడం లేదు.